వాపు తగ్గింది, ఇక మందు మానవచ్చా?

"సిస్టరమ్మా, కాలి వాపు తీసేసింది. ఇంకా ఈ మాత్రలెందుకు, ఈ రక్తపరీక్షలెందుకు?" అని మా వార్డులో చాలామంది అడుగుతుంటారు. అలాగే అనుకొని ఇంటి దగ్గర మందు మానేసిన ఒక రైతును నెల తిరక్కుండానే ఆయాసంతో స్ట్రెచర్ మీద తీసుకువచ్చారు. కాలిలోని గడ్డ ముక్క ఊడి ఊపిరితిత్తులకు చేరింది. ఆయన బ్రతికి బయటపడ్డారు గాని, ఆ రాత్రి ఆయన భార్య పడిన బాధ నేను మరచిపోలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

కాలి లోపలి సిరలో రక్తం గడ్డ కట్టడాన్ని డీప్ వెయిన్ త్రాంబోసిస్ అంటారు. ఆపరేషన్, ప్రసవం తరువాత, మంచం పట్టినవారిలో ఇది ఎక్కువ. మనం వాడే మాత్ర గడ్డను కరిగించదు, పెరగకుండా ఆపుతుంది. కరిగించే పని శరీరమే మెల్లగా చేసుకుంటుంది. కనుక చికిత్స కనీసం 3 నెలలు ఉంటుంది.

ఐ.ఎన్.ఆర్. పరీక్ష: వార్ఫరిన్, అసిట్రోమ్ మాత్రలు వాడేవారికి ఇది తప్పనిసరి. మందు వాడనివారిలో ఈ అంకె 1 దగ్గర ఉంటుంది. మీకు 2, 3 మధ్య ఉండాలి. 2 కంటే తగ్గితే గడ్డ పెరగవచ్చు; 3 దాటేకొద్దీ రక్తస్రావం భయం. మాత్ర పూర్తిగా పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది గనుక మొదట కనీసం 5 రోజులు హెపారిన్ ఇంజెక్షన్ కూడా ఇస్తాము.

డి-డైమర్ పరీక్ష: గడ్డ కరిగేటప్పుడు రక్తంలో కలిసే పదార్థం ఇది. జ్వరం, గర్భం, ఆపరేషన్ వలన కూడా పెరుగుతుంది. కాబట్టి దీనిని బట్టి మాత్ర మోతాదు మార్చరు. అయితే కారణం తెలియకుండా గడ్డ కట్టినవారిలో, మందు ఆపిన నెలకు ఇది ఎక్కువగా ఉంటే గడ్డ మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువని 2006లో వెలువడిన ఇటలీ పరిశోధన చూపింది. మందు కొనసాగించాలా అనే నిర్ణయంలో డాక్టరుగారికి ఇదొక సహాయం.

రివరాక్సబాన్, అపిక్సబాన్ వంటి కొత్త మాత్రలకు ఐ.ఎన్.ఆర్. అవసరం లేదు. కాని కిడ్నీ పరీక్ష, హిమోగ్లోబిన్ చూడాలి. ఒక పూట మరచినా రక్షణ తగ్గిపోతుంది.

ఇంటి దగ్గర గుర్తుంచుకోండి:

• వార్ఫరిన్, అసిట్రోమ్ వాడేవారు ఆకుకూరలు మానవద్దు. తోటకూర, పాలకూర, మునగాకు వారం వారం ఇంచుమించు ఒకే పాళంలో తినండి. ఒక్కసారిగా పెంచినా, తగ్గించినా అంకె మారుతుంది.
• నొప్పుల మాత్రలు, నాటుమందులు అడగకుండా వేసుకోవద్దు.
• గర్భం అనుమానముంటే వెంటనే చెప్పండి.
• చిగుళ్ళ నుండి రక్తం, నల్లని విరేచనం, తలకు దెబ్బ, హఠాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి - వీటిలో ఏది వచ్చినా తెల్లవారే వరకు ఆగవద్దు, ఆసుపత్రికి రండి.

వాపు కంటికి కనిపిస్తుంది. లోపలి గడ్డ కనిపించదు. మీ ఐ.ఎన్.ఆర్. కార్డు రేషన్ కార్డంత భద్రంగా దాచుకోండి, వచ్చినప్పుడల్లా వెంట తెచ్చుకోండి. డాక్టరుగారు ఆపమనేవరకు మాత్ర ఆపకండి.