అరిచే గొంతును అదుపు చేసే అభ్యాసం

అంబులెన్సు కోసం ఫోను చేసేవారిలో చాలామంది నిదానంగా మాట్లాడే స్థితిలో ఉండరు. ఏడుస్తారు, తిడతారు, చిరునామా చెప్పకుండానే పెట్టేస్తారు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఆరంభమైన 108 వంటి సేవల్లో ఫోను అందుకునే సిబ్బందికి తొలి పరీక్ష ఇదే. దీనికి సిద్ధం చేసే అభ్యాసంలో ఒకరు రోగి బంధువు పాత్ర పోషిస్తారు. ‘మా నాన్న పడిపోయాడు, తొందరగా రండి’ అంటూ అదే మాట అరుస్తారు. ఊరు, మండలం, దగ్గర్లోని గుడి లేదా బడి గుర్తు రాబట్టడం శిక్షణ పొందేవారి పని.

మాటే మందు

అమెరికాలోని సాల్ట్‌లేక్ సిటీలో 1970వ దశకం చివర వైద్యుడు జెఫ్ క్లాసన్ ఇటువంటి ఫోన్లకు ఒక పద్ధతి ఏర్పరిచారు. కారణం జోడించిన ఒకే వాక్యాన్ని, స్వరం పెంచకుండా, మళ్లీ మళ్లీ చెప్పడం అందులో కీలకం. ‘మీ నాన్నగారికి సాయం అందాలంటే ఊరి పేరు చెప్పండి’ అన్నది అటువంటిదే.

పాత్రధారికీ నియమం ఉంది. తేలిగ్గా లొంగితే అభ్యాసం నాటకమవుతుంది. సరైన మాట విన్నాక కూడా మెత్తబడకపోతే పాఠమే వ్యర్థమవుతుంది. గుండె ఆగిన వ్యక్తి ఛాతీపై నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కించాలంటే, ముందు అవతలి గొంతు వినే స్థితికి రావాలి.