ధ్రువాకాశంలో మసి

1950 దశకంలో అలాస్కా నుండి ఉత్తర ధ్రువ సముద్రం మీదుగా వాతావరణ పరిశీలనకై ఎగిరే అమెరికన్ వైమానికులకు ఒక వింత ఎదురయ్యేది. కింద అంతులేని హిమం. వందల మైళ్ళలో ఒక్క పొగగొట్టమైనా లేదు. అయినా ఆకాశపుటంచున గోధుమవన్నె మసక ఒకటి పొరలు పొరలుగా పరుచుకుని ఉండేది. దానిని శాస్త్రీయంగా వర్ణించిన జె. మరే మిచెల్ ‘ఆర్కిటిక్ మసక’ అని పేరు పెట్టాడు గాని, అది ఎక్కడి నుండి వస్తున్నదో చెప్పలేకపోయాడు.

1970 దశకంలో గ్లెన్ షా, కెన్నెత్ రాన్ మొదలైన శాస్త్రజ్ఞులు ఈ చిక్కుముడిని విప్పబూనారు. తొలుత వారి అనుమానం గోబీ ఎడారి ధూళి మీదికి పోయింది. కాని అలాస్కా ఉత్తరపు కొసన ఉన్న బారో వద్ద గాలిని వడపోసి చూడగా మసి, గంధకపు లవణాలు, వెనేడియం బయటపడ్డాయి. వెనేడియం ముడిచమురులో ఉండే లోహం. చిక్కని చమురును మండించిన చోటునుండి పొగతో వస్తుంది. అంటే ఆ మసక మనుష్యుల పొయ్యిలదే!

అసలు విచిత్రం దాని రాకపోకలలో ఉంది. శీతకాలంలో పేరుకొని, మార్చి, ఏప్రిల్ నెలలలో దట్టమై, వేసవి రాగానే మాయమవుతుంది. వేసవిలో గాలిలోని మసి శీతకాలపు మోతాదులో సుమారు పదో వంతుకు పడిపోతుంది. ఫ్యాక్టరీలు వేసవిలోనూ పనిచేస్తూనే ఉన్నాయి కదా, ఈ తేడా ఎందుకు?

ధ్రువం మీది చల్లని బరువైన గాలిని బోర్లించిన మూకుడుగా ఊహించుకోండి. శీతకాలంలో ఈ మూకుడు అంచు దక్షిణానికి జరిగి రష్యా, ఐరోపాల పారిశ్రామిక ప్రాంతాలను కొంతమేర లోనికి తీసుకుంటుంది. అక్కడి పొగ నేలను అంటిపెట్టుకునే ఉత్తరానికి సాగిపోతుంది. నేల దగ్గర గాలి చల్లగా, పైన వెచ్చగా ఉండడంచేత పొగ పైకి లేవదు. కడిగివేయడానికి వానా ఉండదు. కిటికీలు మూసిన వంటింటి సంగతే. వేసవిలో అంచు ఉత్తరానికి ముడుచుకుంటుంది. మబ్బులూ తుంపరలూ మిగిలిన మసిని కడిగివేస్తాయి. మన ఉపఖండపు పొగ వెచ్చని గాలితో పైకి లేచి ఆ మూకుడు మీదుగా పోతుంది గనుక అక్కడి నేలమట్టపు మసిలో మన వాటా స్వల్పం. ఆ గాలిని మనవారు కూడా పరీక్షిస్తున్నారు: స్వాల్‌బార్డ్ దీవులలో 2008లో భారతదేశం ‘హిమాద్రి’ పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పింది.

చీకటి నెలలలో మసి ఉన్నా అంతగా హాని లేదు. ఎండే లేని చోట నలుపేమిటి, తెలుపేమిటి? కాని మసక ముదిరే వసంతంలోనే సూర్యుడు తిరిగి వస్తాడు. తాజా హిమం తనపై పడిన ఎండలో నూటికి ఎనభై పాళ్ళకు పైగా వెనుకకు పంపుతుంది. వంద కోట్ల పాళ్ళ హిమంలో పది ఇరవై పాళ్ళ మసి కలిస్తే కంటికి ఏమీ తెలియదు. అయినా ఆ శక్తిలో ఒకటి రెండు పాళ్ళు తగ్గుతుంది. ఆ మేరకు ఎండ హిమంలోకి ఇంకి, కరగడం ముందుకు జరుగుతుంది.

ఊరట కలిగించే విషయమూ ఉంది. బొగ్గుపులుసు వాయువు శతాబ్దాల తరబడి గాలిలో నిలుస్తుంది. మసి ఆయుస్సు కొన్ని రోజులు, మహా అయితే కొన్ని వారాలు. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమై అక్కడి పరిశ్రమలు మూతపడగా, కెనడాకు చెందిన అలర్ట్ కేంద్రంలో మసి కొలతలు కొద్ది ఏళ్ళలోనే గణనీయంగా తగ్గాయి. మిగిలిన దానిలో చమురు బావుల వద్ద వృథాగా మండించే వాయువుది పెద్ద వాటా అనీ, నేలమట్టపు మసిలో అది నూటికి నలభై పాళ్ళకు పైబడవచ్చుననీ 2013లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. ధ్రువ సముద్రంలో ఓడలు చిక్కని చమురును వాడరాదన్న అంతర్జాతీయ నిషేధం 2024 జూలైలో అమలులోకి వచ్చింది. అయితే ఆ తీరదేశాలు కోరితే తమ ఓడలకు 2029 దాకా మినహాయింపు ఇచ్చుకోవచ్చు!

ఇప్పుడు వేసవి మీద కూడా భరోసా సడలుతున్నది. 2021 ఆగస్టులో సైబీరియాలోని యాకుతియా అడవులు తగులబడినప్పుడు ఆ పొగ ఉత్తర ధ్రువం దాకా చేరడం ఉపగ్రహ చిత్రాలలో కనిపించింది. ధ్రువాకాశం తేటగా ఉండవలసిన నెల అది.