మామ్మగారి రేకు డబ్బా

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడిన రోజు. కరెంటు పోయింది. మోటారు ఆగిపోయింది కాబట్టి పై ట్యాంకులో ఎంత ఉంటే అంతే నీళ్లు. సాయంత్రానికి మూడో అంతస్తులో మా కుళాయి బుసబుసమని గాలి వదిలి ఊరుకుంది. ఇంట్లో పాతిక కిలోల బియ్యం ఉంది, ఫ్రిజ్ నిండా కూరలున్నాయి. కడిగి పొయ్యి మీద పెడదామంటే చెంబెడు నీళ్లు లేవు.

కింద వాటాలో మామ్మగారిది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను కళ్లారా చూసిన మనిషి. తుపాను కబురు చెవిన పడగానే బిందెలు, బకెట్లు, ఆఖరికి కుక్కరు గిన్నెలు కూడా నింపి మూతలు పెట్టుకున్నారు. నేను ఖాళీ బాటిల్‌తో వెళ్తే, “బిందె పట్టుకెళ్లమ్మాయ్. తాగడానికే సుమా, గిన్నెలు తోమేవు” అన్నారు.

ఆ రాత్రే ఆవిడ మంచం కింది రేకు డబ్బా చూశాను. అటుకులు, పుట్నాల పప్పు, వేరుశనగ గుళ్లు, ఒక బెల్లం అచ్చు. మూత బిగించిన హార్లిక్స్ సీసాలో అగ్గిపెట్టెలు. టార్చిలైటు ఒకచోట, బ్యాటరీలు కాగితంలో చుట్టి వేరే. లోపలే ఉంచితే కారి లైటు పాడవుతుందట. అడుగున ప్లాస్టిక్ కవరులో పది, ఇరవై, యాభై నోట్లు. ఆ నోట్ల విలువ మర్నాడు తెలిసింది. ఏటీఎంలు పనిచేయలేదు, సెల్‌ఫోన్లు మూగబోయాయి, పాలకూ పెట్రోలుకూ బారులు తీరారు జనం. ఇప్పుడైతే పాల ప్యాకెట్టుకు కూడా ఫోన్లోనే డబ్బు కడుతున్నాం. టవర్ పడిపోతే చేతిలో చిల్లర లేనివాడు ఎంత ఉన్నవాడైనా ఉత్త చేతులవాడే.

నీళ్ల లెక్క నేను అప్పట్నుంచీ తప్పలేదు. తాగడానికీ వంటకీ కలిపి మనిషికి రోజుకు 4 లీటర్లు, కనీసం మూడు రోజులకు. నలుగురికి 48 లీటర్లు. రెండు 20 లీటర్ల క్యాన్లు, ఒక బిందె ఉంటే సరిపోతుంది. వాడకం నీళ్లు బకెట్లలో వేరే పట్టుకోవాలి. వరద తగ్గాక వచ్చే నీటిని తెర్లేలా మరిగించి చల్లార్చే తాగాలి. విరేచనాలు పట్టుకుంటే లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. టీ చెంచాతో తలకొట్టి కొలవాలి, ఉప్పు ఎక్కువ కాకూడదు.

డబ్బా ఒక్కసారే నింపనక్కర్లేదు. నెల సరుకులు తెచ్చుకునేటప్పుడు ఈ నెల అరకిలో అటుకులు, వచ్చే నెల బ్యాటరీలు. పాతబడేవి వాడేసుకుని కొత్తవి వేయడమే. రోజూ బీపీ, షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు పదిహేను రోజులకు సరిపడా ముందే తెచ్చుకోవాలి. ఇన్సులిన్‌ను ఫ్రిజ్ ఆగిపోతే మట్టికుండ చల్లదనంలో ఉంచుకోవచ్చు. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం జిప్ కవరులో పెట్టి అదే డబ్బాలో వేయండి. కావలసినవాళ్ల నంబర్లు కాగితం మీద రాయండి, వాటితో పాటు 112, 108 కూడా. తుపాను వార్త రాగానే దుకాణం మీద పడి పది పాల ప్యాకెట్లు ఎత్తుకొచ్చేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. వెనక నిలబడ్డ పసిపిల్లల తల్లి నోటి దగ్గరిది లాక్కున్నట్టే.

ఇంకొక్కటి, ఇది ప్రాణాల మీది మాట. ఆ రోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి ఆగింది. తుపాను అయిపోయిందని మావారు కిందికి బయల్దేరారు. “ఇది తుపాను కన్ను నాయనా, లోపలికి రా” అని మామ్మగారు కేకేశారు. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి అందుకుంది. మా గేటు ముందున్న బాదం చెట్టు అప్పుడే కూలింది. గాలి ఆగినా, అధికారులు చెప్పేదాకా గడప దాటకండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి తుపాన్ల కాలం. ఈ ఆదివారమే ఒక డబ్బా ఖాళీ చేసి పెట్టుకోండి. మీ చుట్టుపక్కల ఒంటరిగా ఉండే పెద్దవాళ్లుంటే, వాళ్ల బిందె కూడా మీరే నింపిపెట్టండి.