బుల్లి షెపర్డ్ కావాలా? రంగు చూసి పడిపోకండి!

ఇంట్లో పెంచుకోవడానికి బుల్లి కుక్క వెతికేవాళ్లు మినియేచర్ అమెరికన్ షెపర్డ్‌ను చూడగానే ఫిదా అయిపోతారు. 1960ల చివర్లో కాలిఫోర్నియాలో చిన్న సైజు షెపర్డ్‌లను ఏరి, వాటినే జత కట్టిస్తూ తయారు చేసిన జాతి ఇది. ఎత్తు 13 నుంచి 18 అంగుళాలే. అమెరికన్ కెన్నెల్ క్లబ్ గుర్తింపు 2015లో దక్కింది. సైజు తగ్గినా మంద కాసే బుద్ధి ఎక్కడికి పోతుంది? పరిగెత్తే పిల్లల వెంటపడి మడమలు కొరకబోతుంది. రోజూ పరుగు, పని ఉండాల్సిందే.

అసలు చిక్కు 'మెర్ల్' అనే మచ్చల రంగుతో. జనం ఎగబడేది దీనికే. మెర్ల్‌ను మెర్ల్‌తోనే జత కట్టిస్తే, సగటున నాలుగు కూనల్లో ఒకదానికి ఆ జన్యువు రెండు వైపుల నుంచీ వస్తుంది. అలాంటివి చెవిటివిగానో, గుడ్డివిగానో పుట్టే ముప్పు ఎక్కువ. కొనేముందు తల్లి, తండ్రి రెండింటినీ చూపించమనండి. రెండూ మెర్లే అయితే ఎంత ముద్దొచ్చినా కొనొద్దు.