భవిష్యనిధి: సొమ్ము ఉద్యోగిది, నిర్ణయ మెవరిది?

జీతపు చీటీ చేతికి రాగానే ఉద్యోగి మొదట వెదకునది చివరి అంకెను. దానికి పైవరుసలో భవిష్యనిధి పేర కోసిన మొత్తమును శ్రద్ధగా చూచువారు తక్కువ. అది పోయిన సొమ్ము కాదు, దాచిన సొమ్మే. అయినను ఎంత దాచవలెను, ఎక్కడ మదుపు పెట్టవలెను అని ఆయన నెవరును అడుగలేదు. తన సొమ్ముపై తనకింత తక్కువ అధికార ముండుట న్యాయమా?

ఈ నిర్బంధమునకు మూలము 1951 నవంబరు 15న వెలువడిన ఆర్డినెన్సు. మరుసటి యేడు అది చట్టమైనది. మొదట సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగు, ఇనుము ఉక్కు, కాగితము, వస్త్రములు అను ఆరు పరిశ్రమలకే వర్తించినది. చందా నూటికి 6¼, అనగా రూపాయికి ఒక అణా. కార్మికుడొక అణా వేసిన, యజమాని మరియొక అణా వేయవలెను. ఈ రెండవ అణాలోనే అసలు కీలక మున్నది. నెల గడచుటయే కష్టమైన కుటుంబము ముప్పది యేండ్ల తరువాతి అవసరమునకు తనంతట తాను దాచజాలదు. అడుగనిదే ఇచ్చు యజమానులును అరుదు. కనుక ఈ నిర్బంధము ఉద్యోగికంటె యజమానికే ఎక్కువ బిగించిన ముడి యని నా అభిప్రాయము.

తరువాత చందా క్రమముగా పెరిగి, 1997లో అధిక సంస్థలకు 12 శాతమైనది. 2014 సెప్టెంబరులో వేతన పరిమితిని 15,000 రూపాయలుగా నిర్ణయించిరి. ఆ లెక్కన చూతము. మూలవేతనము, కరువుభత్యము కలిసి 15,000 వచ్చు ఉద్యోగి నెలకు 1,800 చెల్లించును. యజమాని చెల్లించునదియు 1,800 రూపాయలే. కాని యజమాని వాటాలో 1,250 రూపాయలు 1995 నాటి పింఛను పథకమునకు పోవును. నిధి ఖాతాలో చేరునవి 550 మాత్రమే. ఇరువురి వాటాలు సమానమని విని, ఖాతాలో అంత కనబడలేదని కలవరపడువారికి సమాధాన మిదియే.

ఇక మదుపు సంగతి. సొమ్ములో అధిక భాగము ప్రభుత్వ ఋణపత్రములలోను, బాండ్లలోను ఉండును. 2015 ఆగస్టు నుండి, క్రొత్తగా వచ్చు సొమ్ములో 5 శాతమును షేర్ల సూచీలను అనుసరించు నిధులలో పెట్టసాగిరి. 2017లో దానిని 15 శాతమునకు పెంచిరి. షేర్ల పొడ గిట్టనివారి సొమ్మును, ఇంకను ఎక్కువ పెట్టుమనువారి సొమ్మును ఒకే పాలులో పోయినది. ధర్మకర్తల మండలిలో ఉద్యోగుల పక్షమున పదిమంది సభ్యులున్నారు గాని, విడిగా ఏ సభ్యునికిని అడుగు హక్కు లేదు.

అయితే దీనికి ప్రతిఫలము కలదు. మండలి సిఫార్సుపై ప్రభుత్వ మామోదించిన వడ్డీ, బజారు పడినను లేచినను ఖాతాలో జమయగును. అది 1989–90 నుండి 1999–2000 వరకు 12 శాతము, 2021–22లో 8.1 శాతమునకు దిగినది, 2024–25లో 8.25 శాతము. ఎంపిక లేని చోట ఒడిదుడుకుల భారమును ఉద్యోగిపై పడలేదు. ఇది ఒప్పుకొనదగిన బేరమే.

ఒప్పుకొనరానిది మరియొకటి. 2004 జనవరి 1 నుండి కేంద్ర సర్వీసులో చేరినవారికి, సైనికదళములు మినహాగా, పాత పింఛను పోయి జాతీయ పింఛను పథకము వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 నుండి చేరిన ఉపాధ్యాయులు, గుమాస్తాలు కూడ ఇట్టి చందా పింఛనులోనికే వచ్చిరి. ఇందులో ప్రకటించిన వడ్డీ లేదు. బజారును బట్టి నిల్వ విలువ మారును. నష్టము వచ్చిన ఉద్యోగిదే. అట్లుండియు, సొమ్మును ఏ సంస్థ నడుపవలెనో, షేర్లలో ఎంత పెట్టవలెనో కోరుకొను వీలు కేంద్రోద్యోగులకు 2019 ఏప్రిల్ 1న గాని రాలేదు. నష్టభార మొకరిది, నిర్ణయము వేరొకరిది యగు ఏర్పాటు పదునైదేండ్లు నడచినది. భవిష్యనిధిలోని నిర్బంధమును సమర్థించినట్లు దీనిని సమర్థింపజాలము.

భవిష్యనిధి సభ్యుని చేతిలో మిగిలిన ఎంపికలు కొన్ని యున్నవి. 12 శాతమునకు మించి స్వచ్ఛందముగా చెల్లింపవచ్చును. యజమాని దానికి సరిగా కలుపనక్కరలేదు. ఉద్యోగి చందా ఏడాదికి రెండున్నర లక్షలు దాటినచో, ఆ పై మొత్తముపై వచ్చు వడ్డీకి 2021 ఏప్రిల్ 1 నుండి పన్ను కలదు. ఉద్యోగము మారినపుడు సొమ్ము తీసికొనక క్రొత్త ఖాతాకు మార్పించుకొనుట మరియొక ఎంపిక. ఇరువదియైదేండ్ల వయసున తీసిన 50,000 రూపాయలు పండుగ ఖర్చులో కలిసిపోవును. ఏటా 8 శాతమున పెరుగనిచ్చిన, ముప్పదియైదేండ్లకు ఏడు లక్షలు దాటును.

వారసుని నియమించుట మాత్రము పూర్తిగా సభ్యుని చేతి పని. వివాహమునకు పూర్వము వ్రాసి యిచ్చిన నామినేషను, తల్లి పేర నున్నను తండ్రి పేర నున్నను, 1952 నాటి పథకపు నిబంధన ప్రకారము వివాహముతో చెల్లకపోవును. క్రొత్తది వ్రాసి యీయవలెను. పెండ్లి సందడిలో ఈ కాగితము ఎవరికిని గుర్తుండదు. పెండ్లయి పదేండ్లయిన ఇండ్లలోను ఒకసారి వెదకి చూచుట మంచిది.