యంత్రములకును అడంగలు

చిఠ్ఠా, ఆవర్జాలు బీరువాలో నుండిన దినములలో సంఘపు పుస్తకములెన్నియో, ఏది చెదలు పట్టినదో కార్యదర్శికి కంటి కెదురుగనే కనబడుచుండెడిది. 2022 జూన్ నెలలో కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరులపైకి మార్చు పథకము నంగీకరించినది. అట్లు మారిన సంఘములలో రైతు తీసికొనిన అప్పును, కట్టిన వాయిదాయును సర్వరులలో నిలుచును. సర్వరనగా అనేక కంప్యూటరు లడిగిన లెక్కను ఒకచోట నుండి యందించు యంత్రము. ఈ యంత్రములెన్ని, ఎచ్చట నున్నవి, దేనిలో ఏ సాఫ్ట్‌వేరు నడుచుచున్నది యను విషయములను వ్రాసియుంచిన పుస్తకమేది?

ఈ ప్రశ్నకు సమాధానము లేక గొప్ప సంస్థలే నష్టపడినవి. అమెరికాలో ఈక్విఫాక్స్ అను సంస్థ ప్రజల అప్పుల చరిత్రను భద్రపరచి, అప్పిచ్చువారికి తెలుపుచుండును. 2017 మార్చిలో స్ట్రట్స్ అను సాఫ్ట్‌వేరునందొక లోపము బయటపడగా, 48 గంటలలో దానిని సరిచేయవలసినదని ఆ సంస్థలో ఉత్తరువు పోయినది. కాని యది యే యంత్రములలో గలదో తెలుపు సమగ్రమైన పట్టిక లేదు. ఒక యంత్రము మిగిలిపోయినది. మే నెలలో దొంగలు దానిగుండ ప్రవేశించిరి. జూలై కడపటి వరకు ఎవరును కనుగొనలేదు. సుమారు 14 కోట్ల 70 లక్షల మంది వివరములు పరుల పాలైనవి.

అమెరికా సంగతి మనకేల యందురేమో. 2024 జూలై కడపట మన దేశముననే, సహకార బ్యాంకులకును గ్రామీణ బ్యాంకులకును సాఫ్ట్‌వేరు సేవచేయు నొక సంస్థపై దాడి జరిగినది. దానిని చెల్లింపుల వ్యవస్థ నుండి వేరుచేయగా, సుమారు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారుల చెల్లింపులు కొంతకాలము నిలిచిపోయినవి.

పట్టికను కూర్చుటకు పద్ధతులనేకములు గలవు. అందొకటి 2005లో ల్యూక్ కేనీస్ ప్రారంభించిన పప్పెట్. ప్రతి సర్వరులోను ఒక చిన్న పనిముట్టు వంటి సాఫ్ట్‌వేరు నుంతురు. అది తన యంత్రము పేరు, జ్ఞాపకశక్తి పరిమాణము, డిస్కుల వివరము, నడుచుచున్న ఆపరేటింగ్ సిస్టము కూర్పు మొదలగువానిని సేకరించి, సామాన్యముగ 30 నిమిషములకొకసారి కేంద్ర యంత్రమునకు పంపును. కావలసినచో మరికొన్ని వివరములను జేర్చుకొనవచ్చును. అచ్చట పప్పెట్‌డీబీ అను భాండారమున అవి నిలువయగును. కరణము పొలము పొలము తిరిగి అడంగలు వ్రాయుటకు మారుగ, పొలమే తన పైరు పేరు చెప్పుకొనినట్లున్నది గదా! పాత కూర్పు నడుచు యంత్రములేవి యని ఒక్కమారడిగిన, వేయి యంత్రములున్నను కూర్చున్నచోటనే యుత్తరము వచ్చును.

అయిన నీ భాండారమును గ్రుడ్డిగ నమ్మరాదు. క్రొత్త వార్త వచ్చినంతనే పాతది చెరిగిపోవును గనుక, నిరుటి స్థితి కావలసినవారు వేరుగ దాచుకొనవలయును. అంతకంటె ముఖ్యము, వార్త పంపని యంత్రము. అది చెడిపోయి యుండవచ్చును, ఎవరైన దాని నోరు నొక్కియు నుండవచ్చును. కొన్ని దినములు మౌనముగ నున్నదానిని పట్టిక నుండి తొలగించు గడువొకటి యేర్పరచుదురు. ఆ గడువు ముగియకమునుపే విచారింపకున్న జాడయే చిక్కదు. అసలు చేర్పనే చేర్పని యంత్రమైతే ఎన్నడును పలుకదు. కొనుగోలు రసీదులతో సరిచూచినగాని బయటపడదు. మా యభిప్రాయమున పట్టిక కొరకు పెట్టు శ్రమలో సగము ఈ సరిచూచుటకే పెట్టదగినది. ఇంతటి పట్టిక దొంగచేత బడినచో వానికి ఇంటి గుట్టంతయు దొరికినట్లే గనుక, దానిని చూచు నధికారము కొలదిమందికే యుండవలయును.

రాబోవు సర్వసభ్య సమావేశమున సభ్యులు కార్యదర్శిని అడుగవలసినవి: మన పద్దులుండు యంత్రముల పట్టిక ఎవరి యొద్ద నున్నది? కడపటిమారు రసీదులతో నెన్నడు సరిచూచిరి? మౌనమువహించిన యంత్రమును విచారించు బాధ్యత ఎవరిది? కార్యదర్శి స్వయముగ చెప్పజాలనిచో, జిల్లా సహకార బ్యాంకు నుండి వ్రాతమూలముగ తెప్పించి సభలో చదివి వినిపింపుమని కోరవచ్చును.