మానేరుకు ఇసుకే ప్రాణం

కరీంనగర్‌లో మానేరు మీద తీగల వంతెన 2023లో తెరుచుకుంది. రివర్‌ఫ్రంట్ పేరుతో ఒడ్డునూ తీర్చిదిద్దుతున్నారు. సాయంత్రం పూట పిల్లాపాపలతో కూర్చునే చోటు ఊరికి కావాల్సిందే. అయితే మానేరుకు తగిలిన దెబ్బ ఒడ్డున లేదు, అడుగున ఉంది. 1985 నాటికి పూర్తయిన దిగువ మానేరు జలాశయం 24 టీఎంసీల నీటితో పాటు, వరద మోసుకొచ్చే ఇసుకనూ ఆపేసింది. గేట్లెత్తితే దూకే నీళ్లలో ఇసుక ఉండదు కనుక అవి కిందున్న ఇసుకనే కోసుకుపోతాయి. మిగిలింది లారీలకెక్కుతోంది. ఒకప్పుడు నడివేసవిలోనూ ఇసుకలో మూరెడు లోతు చెలిమె తీసి, మొదటి మురికి నీళ్లు తోడిపోస్తే తేటనీరు ఊరేది. వానాకాలపు నీటిని దాచి చుట్టుపక్కల బావులకు మెల్లగా అందించింది ఆ ఇసుక మేటే. అది పోయి రాయి తేలినచోట వచ్చిన నీరు వచ్చినట్టే వెళ్లిపోతుంది.

చెక్‌డ్యాంలు ఉన్నాయిగా అంటారు. అవి నీటిని నిలుపుతాయి, నిజమే. కానీ కింద ఇసుక కోసుకుపోతుంటే పునాది ఎంతకాలం ఆగుతుంది? వరదలకు మానేరు మీద కొన్ని కొట్టుకుపోవడం చూశాం. ఇళ్లకు ఇసుక వద్దా అన్నది ఇంకా గట్టి ప్రశ్న. కావాలి. జలాశయంలో మేట వేసిన ఇసుకను తీసి వాడుకుంటే ఇళ్లూ లేస్తాయి, డ్యాంలో చోటూ దొరుకుతుంది. అందులో కొంత డ్యాం దిగువన పోస్తే నదికి దాని వాటా దక్కుతుంది.

ఉమ్మడి ఆదిలాబాద్ పట్టణాలది మరో గోస. 2021 జూలైలో స్వర్ణ వాగు నిర్మల్ జీఎన్ఆర్ కాలనీని ముంచింది. మరుసటేడు గోదావరి పోటుకు రాళ్లవాగు వెనక్కి తన్ని మంచిర్యాల కాలనీల్లోకి ఎక్కింది. గోడలు ఎత్తుగా కడితే సరిపోదా? గోడ ఇక్కడి నీటిని పక్క వీధికి పంపుతుంది, అంతే. దానికి బదులు, జర్మనీలోని మ్యూనిక్ నగరం 2000 నుంచి 2011 వరకు ఇసార్ నది వెంట 8 కిలోమీటర్ల మేర కాంక్రీటు గట్లు తీసి, నదిని వెడల్పు చేసి, పారే నీటినీ పెంచింది. వరద భయం తగ్గింది, జనం ఒడ్డుకు చేరారు. ఇక్కడా అలాగే ఉన్న ఇళ్లన్నీ కూల్చమని కాదు. వాగు హద్దులు కొలిచి రాళ్లు పాతి, ఇంకా ఖాళీగా ఉన్న జాగాలో కొత్త లేఅవుట్లకు అనుమతి ఆపాలి. ఇక మానేరులో ప్రతి వరద తర్వాత అడుగు మట్టం కొలిచి, దిగిపోయిన చోట ఆ ఏడాది ఇసుక తవ్వే రీచ్ తెరవకూడదు.